నిదానాన్ని తయారుచేసిన బెల్టాయన

పక్కింటావిడ ఎదురింటావిడతో అందట. ఎదురింటావిడ కూరల బండి దగ్గర ఇంకొకావిడ చెవిలో వేసిందట. అలా నోళ్ళు మారి, ఉప్పూ కారం కలిసి మన దాకా వచ్చిన కబురు ఇది: బెల్టాయన తన వెనకగదిలో ఏదో జంతువుని పెంచుతున్నాడట!

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రావడం ఆలస్యం, గదిలో దూరి తలుపేసుకుంటాడట. లోపల్నుంచి గుర్... గుర్... అని ఒకటే రొద. మధ్యమధ్య ఆయన గొంతు. "మెల్లగా... ఇంకా మెల్లగా... నా బంగారుతల్లివి కదూ!" అని బతిమాలుతాడట. "కట్టుకున్నదాన్ని ఏనాడూ అంత ముద్దుగా పిలిచిన పాపాన పోలేదు. అదేం జంతువో గానీ పెట్టిపుట్టింది" అని పక్కింటావిడ ముక్తాయింపు.

అయ్యలారా, అమ్మలారా! అది జంతువు కాదు. బెల్టు! రెండు రోలర్ల మీద తిరిగే నల్లటి గుడ్డ బెల్టు. పొడవు మూరెడు, వెడల్పు రెండు వేళ్ళు. దాన్ని తిప్పేది నిమ్మకాయంత మోటారు. అది తిరుగుతోందో లేదో తెలియాలంటే మీరు దాని మీద ఒక చీమను వదిలి, వెళ్ళి స్నానం చేసి రావాలి.

ఈ కాలంలో మనిషి సాధించిన మహత్తరమైన విజయం ఏది అని ఎవరైనా అడిగితే, కదిలీ కదలనట్టు కదిలే ఆ బెల్టేనని నేను గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. నవ్వకండి! వేగం పెంచడం ఏముందండీ? ఎవడైనా పెంచుతాడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోన్లో ఆర్డరిస్తే, పుక్కిలించే లోపల వస్తువు గుమ్మంలో ఉంటోంది. లిఫ్టులో బటన్ నొక్కినవాడు తలుపు మూసుకునేదాకా ఆగలేక ఇంకో పదిసార్లు పొడుస్తున్నాడు. లోకంలో చదువుకున్నవాళ్ళంతా వేగాన్ని పెంచే పనిలోనే ఉన్నారు. మరి నిదానం? నిదానాన్ని ఎవడు తయారుచేస్తున్నాడు?

ఆఫీసుల్లో ఫైళ్ళు కరెంటూ మోటారూ లేకుండానే ఇంతకంటే నిదానంగా కదులుతున్నాయి కదా అని మీరనొచ్చు. అది పుట్టుకతో వచ్చిన నిదానం. దాని గొప్పేముంది? ఇది చెమటోడ్చి సాధించిన నిదానం!

మోటారు సంగతి తెలియనివాళ్ళకు ఈ తేడా అర్థం కాదు. మోటారు తొందరమనిషి. గిరగిరా తిరగడం తప్ప దానికి మరో విద్య రాదు. మొదటిసారి బెల్టు తగిలించి స్విచ్ వేసినప్పుడు, మీద పెట్టిన రబ్బరుముక్క ఎగిరిపోయి గోడ మీది పెళ్ళిఫోటోలో బెల్టాయన ముక్కుకే తగిలింది. కరెంటు తగ్గిస్తే దారికొస్తుందనుకున్నాడు. తగ్గించేసరికి మోటారు మూలిగింది, వణికింది, కదలనని మొండికేసింది. వేలితో కాస్త తోస్తే మళ్ళీ దౌడు! తిండి తగ్గించినంత మాత్రాన ఎవరూ నెమ్మదస్తులు కారు కదా. నీరసపడతారు, ఆపైన కరుస్తారు.

అప్పుడు పళ్ళచక్రాల మీద పడ్డాడు. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పాలి, దాని ఇరుసుకున్న చిన్న చక్రం ఇంకో పెద్ద చక్రాన్ని తిప్పాలి. అలా చేతులు మారేకొద్దీ తొందర తగ్గుతుంది, బలం పెరుగుతుంది. దీనికోసం ఇంట్లోని గోడగడియారం, బల్లమీది ఫ్యాను, మేనల్లుడు మరిచిపోయి వెళ్ళిన బొమ్మకారు వరుసగా కడుపులు చీల్చుకున్నాయి. టైమెంతయిందని ఇల్లాలు అడిగితే, ఆయన ఒక చక్రాన్ని వెలుగుకు పెట్టి చూస్తూ "ఇదిగో, ఇదే మన టైము" అన్నాడు.

బెల్టు దేనితో చెయ్యాలన్నది మరో మహాభారతం. సైకిలు ట్యూబు కోసి చూశాడు, మందం ఎక్కువైంది. లాగుల్లో వేసే ఎలాస్టిక్ చూశాడు, సాగుతూ ముడుచుకుంటూ కుంటుకుంటూ నడిచింది. ఆఖరికి గొడుగు గుడ్డ కుదిరింది.

"నా కొత్త గొడుగేదండీ?" అంది ఇల్లాలు.

"ఇప్పుడు గొడుగెందుకే? వానెక్కడుంది?"

"వానొచ్చాక గొడుక్కి విత్తనాలు చల్లుతారా?"

ఆయనకు వినబడలేదు. గుడ్డ బెల్టు రోలరు మీద నిలవకుండా పక్కకు జారిపోతోంది. రోలరు నడుముకు నాలుగు చుట్లు దారం చుట్టి చిన్న బొజ్జ తెప్పించాడు. అంతే, బెల్టు బుద్ధిగా మధ్యకొచ్చి నిలబడింది. బొజ్జ వల్ల లోకానికి ఉపకారం జరగడం చరిత్రలో అదే మొదలు.

ఇంతకీ ఈ బెల్టు ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాను. నిదానం గురించి చెప్పేటప్పుడు తొందర పెట్టకూడదు.

బెల్టాయన ఒక సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. పొడవాటి రేకుల షెడ్డు. షెడ్డు నడుమ అసలు బెల్టు. దానికి అటూ ఇటూ నెత్తికి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. కాగితాలు తొడుక్కుని వచ్చే సబ్బుల్ని వాళ్ళు తీసి అట్టపెట్టెల్లో సర్దాలి. బెల్టు మొదట్లో ఒక ఇనుపపెట్టె ఉంటుంది. అందులో గుండ్రటి నాబ్, దాని చుట్టూ గీతలు. ఒక్క గీత జరిపితే చాలు, బెల్టు వేగం మారిపోతుంది. పెట్టెకు తాళం. తాళంచెవి బెల్టాయన జేబులో.

ఆ షెడ్డును ఉన్నదున్నట్టుగా బల్ల మీద బొమ్మగా కట్టాలన్నది ఆయన జీవితాశయం. కట్టాడు కూడా! రేకుల కప్పు, ట్యూబులైట్లు, ఎర్రటి ఇసుకబకెట్టు, పగిలిన కిటికీ అద్దం, గోడ మీద "మాట్లాడరాదు" అన్న బోర్డు, ఏదీ వదల్లేదు. పెన్సిలు చెరిపే రబ్బరును బియ్యపుగింజలంత ముక్కలు కోసి సబ్బులు చేశాడు. మట్టితో ఆడవాళ్ళను చేసి టోపీలు పెట్టాడు. ఒంటివెంట్రుక కుంచెతో ఒక్కొక్కరి మొహాన నవ్వు గీశాడు. షెడ్డులో నవ్వు ఎవరి దగ్గర చూసి గీశాడని అడక్కండి. కళాకారుడికి ఊహ ఉంటుంది.

ఇప్పుడు మరదలు సంగతి. ఇల్లాలి సొంత చెల్లెలు. ఆ షెడ్డులోనే పని, అదీ బెల్టు చిట్టచివర. చివరి స్థానమంటే ఏమిటో తెలుసా? ముందున్నవాళ్ళ చేతుల్లోంచి తప్పిన ప్రతి సబ్బూ ఆమె నెత్తినే పడుతుంది. ఆమె కూడా అందుకోలేకపోతే నేల మీద పడుతుంది. ఎవరి దగ్గర సబ్బు నేల మీద పడితే వాళ్ళు లైన్లోంచి అవుట్ అని మేనేజరు నియమం. ఒకసారికి హెచ్చరిక, రెండోసారికి ఇల్లు. మరదలికి హెచ్చరిక అయిపోయింది. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చేతుల మీదే. ఆ చేతుల్లో కుడిదానికి మణికట్టు దగ్గర వాపు, వాపు మీద కట్టు.

సెలవురోజున అక్క ఇంటికొచ్చి నేరుగా వెనకగది తలుపు తట్టింది.

"బావా, ఒక్క గీత తగ్గించు."

"ఏ గీత?"

"నీ నుదుటి గీత కాదులే. పెట్టెలో నాబ్ మీది గీత."

"అది నా చేతిలో ఉందనుకుంటున్నావా మరదలా? పైవాళ్ళ నిర్ణయం."

"తాళంచెవి నీ జేబులో పెట్టుకుని, నిర్ణయాన్ని పైకెక్కించావేంటి?"

"నీకు తెలీదు. దాన్ని ప్రొడక్షన్ అంటారు."

"దీన్ని నొప్పంటారు" అని ఆమె కట్టుకట్టిన చెయ్యి ఆయన ముక్కు ముందు పెట్టింది.

ఆయన చెయ్యి పక్కకు జరిపాడు. వెలుగుకు అడ్డొస్తోంది మరి.

తప్పు పట్టకండి! ఆ రోజు ఆయన మనసు మనసులో లేదు. బొమ్మ షెడ్డుకు వేగం నిర్ణయించాల్సిన రోజు అది. ఏదో తోచినట్టు తిప్పే రకం కాదు బెల్టాయన. ఫ్యాక్టరీలో అసలు బెల్టు మీద సుద్దతో గీత గీసి, అది ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఎంతసేపట్లో వస్తోందో వాచీతో కొలుచుకొచ్చాడు. షెడ్డును ఎన్నోవంతుకు కుదించాడో వేగాన్నీ అన్నోవంతుకు కుదించాడు. పళ్ళచక్రాలు అమర్చి, సబ్బుముక్కలు అసలు బెల్టు మీద ఎంత ఒత్తుగా వస్తాయో అంతే ఒత్తుగా వచ్చేలా ఏర్పాటు చేశాడు. లెక్క నూటికి నూరుపాళ్ళు సరి. స్విచ్ వేశాడు.

సర్వనాశనం!

సబ్బుముక్కలు వచ్చి బొమ్మల చేతులకు కొట్టుకున్నాయి. వాటి వెనక మరికొన్ని, వాటి మీద మరికొన్ని. చేతులు చాచి నిలబడ్డ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వెల్లకిలా పడ్డాయి. పడి కూడా నవ్వుతూనే ఉన్నాయి, గీసిన నవ్వు కదా! చివరి స్థానంలో బొమ్మ అయితే సబ్బుల కుప్పకింద కనబడకుండానే పోయింది.

బెల్టాయన కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. అయినా ధైర్యం చేసి వీడియో తీసి, ఇలాంటి బొమ్మలు కట్టే ఔత్సాహికుల గ్రూపులో పెట్టాడు. క్షణాల్లో జవాబులు వచ్చిపడ్డాయి. "పనితనం అద్భుతం గురూగారూ! కానీ మరీ ఇంత స్పీడా? మనుషులన్నవాళ్ళు ఇలా సర్దగలరా? రియలిస్టిక్‌గా లేదు" అని ఒకరు. "జోకుల సినిమాని ఫాస్ట్‌గా తిప్పినట్టుంది" అని ఇంకొకరు. "ఇది అసలు ఫ్యాక్టరీలో నేను స్వయంగా కొలిచిన స్పీడండీ" అని ఈయన రాశాడు. "అయితే మీ కొలత తప్పయ్యుంటుంది. ఏ ఫ్యాక్టరీ వాడూ అంత బుద్ధి లేకుండా నడపడు" అని గ్రూపు పెద్ద తీర్పు చెప్పాడు.

ఇక్కడ చూడండి మన మనిషి గొప్పతనం! బొమ్మ తప్పా, ఫ్యాక్టరీ తప్పా అన్న ప్రశ్న ఎదురైతే, మీలాంటి నాలాంటి అల్పులు కాసేపైనా తటపటాయిస్తారు. ఆయన ఫ్యాక్టరీని అనుమానించనే లేదు. మళ్ళీ సుద్ద తీసుకెళ్ళి కొలిచాడు. అదే వేగం. మళ్ళీ లెక్క వేశాడు. అదే జవాబు. "సరే, లెక్క వేరు, కళ వేరు. చూసేవాళ్ళకు నిజమనిపించాలంటే నిజాన్ని కొంత తగ్గించుకోవాలి" అనుకున్నాడు. ఎంత వినయం! నిజాన్ని సగానికి తగ్గించాడు. గ్రూపు ఇంకా ఒప్పుకోలేదు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేశాడు. పక్కింటావిడ గోడకు చెవి ఆనించి విన్న బతిమాలటం అప్పటిదే.

నిదానం కుదిరినా నిలబెట్టిన బొమ్మలు మాత్రం తూలి పడుతూనే ఉన్నాయి. దానికీ ఆయనే ఉపాయం కనిపెట్టాడు. అగ్గిపుల్లలతో బుల్లి స్టూళ్ళు చేసి, అందరినీ కూర్చోబెట్టాడు! ఇక ఒక్కటీ పడలేదు. షెడ్డులో కూడా ఒకప్పుడు స్టూళ్ళుండేవి. కూర్చుంటే ఆడవాళ్ళకు కునుకొస్తుందని పైకి రాసి వాటిని తీయించిన పుణ్యాత్ముడూ ఈయనే. ఈ రెండు సంగతులూ ఆయన బుర్రలో ఒకే వీధిలో ఉంటాయి గానీ, ఎప్పుడూ ఎదురుపడి పలకరించుకోలేదు.

కుప్పకింద పడ్డప్పుడు చివరి బొమ్మకు కుడిచెయ్యి విరిగింది. ఆ సెలవురోజునే మరదలు టీ గ్లాసు తెచ్చేసరికి ఆయన భూతద్దం కళ్ళకు పెట్టుకుని, ఆ చేతికి అగ్గిపుల్ల చీలికలు కట్టి, జిగురు పూసి, పట్టుదారంతో చుడుతున్నాడు. అమ్మమ్మ కూడా మనవడికి అంత మెత్తగా కట్టు కట్టదు.

"ఊపిరి గట్టిగా వదలకు మరదలా, జిగురింకా ఆరలేదు."

"ఎవరు బావా ఈవిడ?"

"చివరి స్థానంలోది. పాపం, దెబ్బ గట్టిగా తగిలింది."

"ఆరేదాకా పనిలో పెట్టవా?"

"ఎలా పెడతాను? చెయ్యి ఊడొస్తుంది!"

మరదలు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తన చేతి కట్టును ఒకసారి ఇంకా బిగించుకుంది. "అక్కా, నీ మొగుడు చాలా దయగలవాడే! మనకే తెలీలేదు" అని వంటింట్లోకి కేకేసింది.

"మెల్లగా తెలుస్తుందిలే, అన్నీ మెల్లగానేగా" అని లోపల్నుంచి ఇల్లాలి జవాబు.

పరుగెత్తి పాలు తాగే బదులు నిలబడి నీళ్ళు తాగమన్నారు పెద్దలు. షెడ్డులో ఆడవాళ్ళకు పాల ఊసు ఎలాగూ లేదు. నీళ్ళు తాగాలన్నా ఎవరో ఒకరు బెల్టు ఆపాలి. అందుకే వాళ్ళు నిలబడి పరుగెత్తుతారు. ఇదొక కొత్త వ్యాయామం. ఇలాంటివాటికి ఊళ్ళో జిమ్ముల వాళ్ళు ఎంత గుంజుతున్నారో కనుక్కోండి, అప్పుడు తెలుస్తుంది ఫ్యాక్టరీ చేస్తున్న ఉచిత సేవ!

సరే. మంచి బొమ్మ దాచినా దాగదు. వీడియో తిరిగి తిరిగి మేనేజరు ఫోనులోకి చేరింది. ఆయన బెల్టాయన్ను గదిలోకి పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి మరీ మెచ్చుకున్నాడు. "మన షెడ్డు ఇంత అందంగా ఉంటుందని నాకే తెలీదయ్యా! పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. దీన్ని ముందు హాల్లో పెట్టిద్దాం. ఆయన చూడాలి."

బెల్టాయన ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది.

"ఇంకోటి" అన్నాడు మేనేజరు. "పెద్దసారు షెడ్డులోకి వచ్చినప్పుడు లైను కళకళలాడాలి. ఆ పూటకి రెండు గీతలు పెంచు."

"అలాగే సార్" అన్నాడు బెల్టాయన. ఒకే గదిలో, ఒకే నోటితో, ఒకే ఊపిరిలో. హాల్లో నిదానం, షెడ్డులో వేగం. దేనిచోట దాన్ని ఉంచాలి. ఇందులో వైరుధ్యం ఎక్కడుందండీ? దేవుడు చెప్పుల్ని గుమ్మంలో, టోపీని నెత్తిన పెట్టలేదూ?

సంగతి తెలిసి మరదలు ఆ సాయంత్రమే వచ్చింది. ఈసారి తలుపు తట్టలేదు, తోసింది. బెల్టాయన బొమ్మల్ని ఒక్కొక్కటిగా దూదిలో చుడుతున్నాడు.

"రెండు గీతలంట కదా బావా!"

"ఒక్క పూటే. ఓర్చుకోండి."

"నేనోర్చుకుంటా. సబ్బు ఓర్చుకోదుగా! నా దగ్గరే కుప్పపడుద్ది. కిందపడితే నన్ను ఇంటికి పంపేస్తారు. పిల్లలకేం పెట్టను, నీ రబ్బరు సబ్బులా?"

"అన్నీ ముందే చెడుగా ఊహించుకోకూడదు."

"నువ్వు దూది ఎందుకు చుడుతున్నావు మరి?"

"దారిలో కుదుపులుంటాయి కదా!" అని ఆయన నోట్లోంచి వెంటనే వచ్చేసింది. వచ్చాక కాసేపు దూది వంక చూశాడు. ఏదో తట్టబోయింది. ఆయన అదృష్టం కొద్దీ అంతలోనే చివరి బొమ్మ టోపీ ఊడింది. దాన్ని అతికించే హడావిడిలో ఆ తట్టబోయింది కాస్తా వెనక్కి వెళ్ళిపోయింది. మరదలు కూడా వెళ్ళిపోయింది. ఇల్లాలు గుమ్మంలో నిలబడి, "అది నా తోడబుట్టింది. దానికేమైనా అయితే ఈ బొమ్మరిల్లు ఇంట్లోకి తిరిగి రాదు" అంది. ఆయన తలూపాడు. బండివాడికి గుంతలు చూసి నడపమని చెప్పాలని గుర్తుపెట్టుకుంటున్నాడు అప్పుడు.

పెద్దసారు వచ్చాడు. షెడ్డులో నాబ్ రెండు గీతలు ముందుకు జరిగి ఉంది. తాళం వేసి ఉంది. బెల్టు ఝుమ్మంటోంది. ఆడవాళ్ళ చేతులు కంటికి ఆనడం లేదు. పెద్దసారు తల పంకిస్తూ, వెనక మేనేజరు తల పంకిస్తూ, ఆ వెనక బెల్టాయన తల పంకిస్తూ, ఊరేగింపు చివరి స్థానం దగ్గరికి చేరింది.

అక్కడ మరదలు. ముందున్నవాళ్ళందరూ వదిలేసిన సబ్బులు ఆమె మీదికి తోసుకొస్తున్నాయి. ఎడమచేత్తో రెండు, కుడిచేత్తో ఒకటి, మోచేత్తో మరొకటి ఆపింది. పొట్టను బెల్టు అంచుకు ఆనించి ఇంకొన్ని ఆపింది. మనిషికి ఇంకో చెయ్యి ఉంటే దానితోనూ ఆపేదే. ఒక సబ్బు అంచు దాటింది. నేల మీద పడి, నున్నటి సిమెంటు మీద జర్రున జారుతూ వెళ్ళి, పెద్దసారు బూటు ముక్కును ముద్దుపెట్టుకుని ఆగింది.

షెడ్డంతా దాని వంకే చూసింది, ఒక్క బెల్టు తప్ప. అది ఆగదు కదా! ఇంకో సబ్బు పడింది. ఇంకోటి.

మేనేజరు బెల్టాయన వంక చూశాడు. మరదలూ బెల్టాయన వంకే చూసింది. రెండు చేతులూ పొట్టా సబ్బుల్ని మోస్తుంటే, ఆమెకు ఖాళీగా ఉన్నవి ఆ రెండు కళ్ళే.

బెల్టాయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. వేళ్ళకు తాళంచెవి తగిలింది, చల్లగా. దాన్ని పట్టుకున్నాయి కూడా. పెట్టె పక్కనేం లేదు, బెల్టుకు ఆ మొదట్లో ఉంది. అంతదూరం అందరి ముందూ నడవాలి. నడిచి, తాళం తీసి, గీత వెనక్కి తిప్పాలి. అంటే వేగం ఎక్కువైందని తన చేత్తో తనే ఒప్పుకోవాలి. వేళ్ళు తాళంచెవిని వదిలేశాయి. పక్కనున్న చేతిరుమాలును పట్టుకున్నాయి. ఆయన వంగి, కాగితం చిరిగి పెద్దసారు బూటుకు అంటిన సబ్బును శుభ్రంగా తుడిచాడు. లేచి, మరదలికి మాత్రమే వినబడేటంత మెల్లగా అన్నాడు: "రేపట్నుంచి లైన్లోకి రావద్దు."

ఎంత మెల్లగా అన్నాడు! నిదానంలో ఆయన్ను మించినవాడు లేడని ఊరికే అన్నానా?

తర్వాత ఊరేగింపు ముందు హాల్లోకి వచ్చింది. గాజుపెట్టెలో బొమ్మ షెడ్డు. స్విచ్ వేశారు. బుల్లి ట్యూబులైట్లు వెలిగాయి. గొడుగు గుడ్డ బెల్టు మేఘంలా కదిలింది. ఒక సబ్బు. చాలాసేపటికి ఇంకో సబ్బు. స్టూళ్ళ మీద కూర్చుని చిరునవ్వులు చిందిస్తూ బొమ్మల ఆడవాళ్ళు. పెద్దసారు మొహంలో కండరాలన్నీ వదులయ్యాయి.

"ఆహా! ఎంత ప్రశాంతంగా ఉందయ్యా! ఎవరు చేశారు?"

మేనేజరు బెల్టాయన్ను ముందుకు తోశాడు.

"ఇందులో కష్టమంతా ఆ నిదానమే సార్" అన్నాడు బెల్టాయన. "స్పీడు పెడితే బొమ్మలు తట్టుకోలేవు సార్. చేతులు విరిగిపోతాయి. చాలా జాగ్రత్తగా చూసుకోవాలి."

"ఇది కదా మన సంస్థ! దీని ఫోటో తీసి అన్ని బ్రాంచీలకూ పంపించండి" అన్నాడు పెద్దసారు. "పక్కన వర్కర్లు కూడా ఉండాలి. ఎవరినైనా పిలవండి."

ఎవరినో పిలవక్కర్లేకపోయింది. మరదలు తన సంచీ భుజానికి తగిలించుకుని, టోపీ చేత్తో పట్టుకుని, హాలు మీదుగా బయటికి వెళుతోంది. పెద్దసారు గుర్తుపట్టాడు. మంచి మనసున్నవాడు, చిన్నవాళ్ళను కూడా పలకరిస్తాడు.

"ఏమ్మా, ఇందాక సబ్బులు పడేసింది నువ్వే కదూ? ఇలా రా. చూడు, ఇక్కడ ఒక్కటైనా కిందపడుతోందా? ఎంత నీటుగా చేస్తున్నారో చూడు. ఏమంటావు?"

ఆమె గాజుపెట్టె మీదికి వంగింది. చివరి స్టూలు దాకా తీరిగ్గా, తొందరేమీ లేనట్టు చూసింది. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. బెల్టాయన అప్పటికే నవ్వుతున్నాడు.

"ఈ ఫ్యాక్టరీలో ఖాళీ ఏమన్నా ఉందా సార్? ఉంటే రేపట్నుంచి ఇక్కడికొస్తా."